పాత అద్దెదారు కరెంటు బకాయి కొత్తవారి మెడకు ఎందుకు చుట్టుకుంటుంది?

క్లుప్తంగా: చట్టప్రకారం కరెంటు బకాయి ఆ సర్వీసు, అంటే కనెక్షన్, ఎవరి పేరున ఉందో వారి అప్పు. ఆ ఇంట్లో కొత్తగా దిగిన అద్దెదారు దానికి బాకీదారు కాడు. కానీ సరఫరా మనిషి వెంట పోదు, ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే బకాయి తీరేదాకా ఆ ఇంటికి కరెంటు ఆపే అధికారం పంపిణీ సంస్థకు ఉంది. అప్పు ఎవరిదన్నది ఒక ప్రశ్న, కరెంటు ఆపవచ్చా అన్నది వేరొక ప్రశ్న. రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే యజమానులకూ అద్దెదారులకూ మధ్య తగాదాలు తెగడం లేదు.

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగినా ఒక గోడకు వరసగా బిగించిన మీటర్లు కనిపిస్తాయి. ఒక్కోదాని కింద ఫ్లాటు నంబరు పెయింటుతోనో మార్కరుతోనో రాసి ఉంటుంది. పక్కన ఆ నెల బిల్లు చీటీ దోపి ఉంటుంది. ఆ చీటీ మీది పేరు చాలాసార్లు ఇప్పుడు ఫ్లాటులో ఉంటున్నవారిది కాదు, వారికి ముందు ఉన్నవారిదీ కాదు. అది యజమాని పేరు, ఒక్కోసారి ఆ భవనం కట్టి అమ్మిన బిల్డరు పేరు. అద్దెదారులు వస్తారు, పోతారు. చీటీ మీద పేరు మాత్రం అదే, సర్వీసు నంబరు కూడా అదే. కొత్తవారు సామాను దించుకున్న వారానికే లైన్‌మన్ వచ్చి, రెండు నెలలుగా బిల్లు కట్టలేదు కాబట్టి ఫ్యూజు తీసేస్తానంటాడు. “మేం దిగి వారమే అయింది” అన్న జవాబు అక్షరాలా నిజం. అయినా అతని చేతిలోని జాబితాలో ఉన్నది మనుషుల పేర్లు కాదు, సర్వీసు నంబర్లు.

అప్పు మనిషిది, సరఫరా ఇంటిది

ఇంట్లో వాడే సేవలన్నీ ఒక తీరున నడవవు. వంటగ్యాస్ సిలిండరు కనెక్షన్ మనిషి పేరున ఉంటుంది. ఇల్లు మారితే పుస్తకం, రెగ్యులేటరు వెంట తీసుకుపోవచ్చు. సెల్‌ఫోను కూడా అంతే. ఒకరు ఫోను బిల్లు ఎగవేశారని ఆ తరువాత ఆ గదిలో దిగినవారికి సిమ్ కార్డు ఇవ్వకపోవడం అన్నది ఎక్కడా లేదు. కరెంటు తీరు వేరు. స్తంభం నుంచి వచ్చే తీగ, గోడకున్న మీటరు, దానికిచ్చిన నంబరు అన్నీ ఆ ఆవరణకు చెందినవి. వినియోగదారుడు మారినా అవి అక్కడే ఉంటాయి.

విద్యుత్ చట్టం, 2003 కూడా ఈ ముడిని ఒప్పుకుంటూనే రాసినది. సెక్షన్ 43 ప్రకారం ఏదైనా ఆవరణకు యజమాని గానీ, అందులో ఉంటున్నవారు గానీ దరఖాస్తు చేస్తే పంపిణీ సంస్థ సరఫరా ఇవ్వాలి. సెక్షన్ 2(15)లో వినియోగదారుడి నిర్వచనం ఇంకా విశాలమైనది. సంస్థ నుంచి సరఫరా పొందే వ్యక్తితో పాటు, ఆ సమయానికి ఎవరి ఆవరణకు తీగ కలిపి ఉందో వారు కూడా వినియోగదారుల కిందికే వస్తారు. అంటే చట్టం మనిషినీ ఇంటినీ కలిపే చూస్తోంది. బకాయి తీర్చాల్సినవారు ఎవరన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఈ కలయికే పీటముడి అవుతుంది.

పంపిణీ సంస్థ వైపు నుంచి చూస్తే దాని ఇబ్బందీ చిన్నదేమీ కాదు. సరుకు ముందే వాడుకోవడం, డబ్బు తరువాత కట్టడం ఈ వ్యాపార పద్ధతి. వాడేసిన యూనిటును వెనక్కి తీసుకోవడం కుదరదు. సంస్థ దగ్గర ఉన్న హామీ సుమారు రెండు నెలల వాడకానికి సరిపడే డిపాజిట్ ఒక్కటే. ఆ పైన ఉన్న ఒకే ఒక ఆయుధం సరఫరా ఆపడం. ఇల్లు చేతులు మారిన ప్రతిసారీ పాత ఖాతా మూసి, బకాయి లేకుండా కొత్త ఖాతా తెరవాల్సి వస్తే, ఎగవేతకు దారి సులువైపోతుంది. భర్త పేరున బకాయి పడి భార్య పేరున కొత్త కనెక్షన్ అడగడం, కంపెనీ పేరు మార్చి అదే షెడ్డుకు మళ్లీ దరఖాస్తు చేయడం వంటి వ్యవహారాలు కోర్టు తీర్పుల్లో తరచుగా ప్రస్తావనకు వచ్చాయి. కరెంటు తీసేసిన సర్వీసులను ఈ శాఖలో యూడీసీ సర్వీసులని అంటారు, బిల్లింగు ఆపేసినవాటిని బిల్ స్టాప్ సర్వీసులని అంటారు. వీటి మీద పేరుకున్న పాత బాకీ వసూలు కావడం ఎప్పుడూ కష్టమే.

ఇషా మార్బుల్స్ నుంచి నినాన్ దాకా

కోర్టుల ఆలోచన ఈ విషయంలో మొదటి నుంచీ ఒకే దారిన సాగలేదు. 1995లో ఇషా మార్బుల్స్, బీహార్ రాష్ట్ర విద్యుత్ బోర్డు మధ్య వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు కొత్త కొనుగోలుదారు పక్షాన నిలిచింది. అప్పు తీర్చని పరిశ్రమ ఆస్తిని ఆర్థిక సంస్థ అమ్మగా కొనుక్కున్నవారు కరెంటు అడిగారు. పాత యజమాని బకాయి కడితేనే ఇస్తామని బోర్డు అంది. సరఫరా ఒప్పందం బోర్డుకూ పాత వినియోగదారుడికీ మధ్య జరిగిందనీ, ఆ ఒప్పందంలో భాగం లేని మూడో వ్యక్తి మీద ఆ భారం మోపడానికి అప్పటి చట్టం వీలు కల్పించలేదనీ కోర్టు చెప్పింది. బకాయి ఆస్తి మీద భారం కాదన్నది ఆ తీర్పుకు మూలస్తంభం.

ఆ తీర్పులోని “అప్పటి చట్టం” అన్న భాగాన్ని విద్యుత్ సంస్థలు శ్రద్ధగా చదివాయి. చట్టంలో ఖాళీ ఉందంటే నిబంధనలతో దాన్ని పూడ్చవచ్చు కదా అన్న ఆలోచనతో చాలా రాష్ట్రాల్లో సరఫరా షరతుల్లోకి కొత్త క్లాజులు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో అమల్లోకి వచ్చిన సాధారణ సరఫరా నిబంధనలు, షరతుల్లో క్లాజు 8.4 అలాంటిదే. ఆస్తి అమ్మేవారు ముందుగా కరెంటు బకాయిలన్నీ తీర్చాలి, తీర్చకపోతే పాత కనెక్షన్ ద్వారా సరఫరాను గానీ ఆ ఆవరణకు కొత్త కనెక్షన్‌ను గానీ సంస్థ నిరాకరించవచ్చు అని అది చెబుతుంది. ఆ క్లాజు “బకాయి కొన్నవారిది” అనలేదు. “తీరేదాకా ఇవ్వం” అంది. మాట చిన్నదే అయినా తేడా పెద్దది.

తరువాతి తీర్పులు ఆ తేడా చుట్టూనే తిరిగాయి. 2008లో పశ్చిమాంచల్ విద్యుత్ సంస్థ కేసులో, బకాయి తీర్చాలన్న షరతు పెట్టడం అసమంజసం కాదని సుప్రీంకోర్టు అంది. 2010లో హనుమాన్ రైస్ మిల్స్ కేసులో రెండు సూత్రాలను పక్కపక్కన పెట్టింది. కరెంటు బకాయి ఆస్తి మీద భారం కాదు కాబట్టి సాధారణ న్యాయం ప్రకారం కొత్త యజమాని దానికి బాధ్యుడు కాడు. అయితే చట్టబద్ధమైన నిబంధనలు అలా అడిగే అధికారం ఇచ్చి ఉంటే మాత్రం సంస్థ అడగవచ్చు. 2020 జూన్‌లో వచ్చిన శ్రీగ్ధా బెవరేజెస్ తీర్పు నేరుగా తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థకు సంబంధించినది. బ్యాంకు వేలంలో ‘ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా’ అన్న షరతు మీద ఫ్యాక్టరీ కొన్నవారికి హైకోర్టులో ఊరట దొరికినా, సుప్రీంకోర్టు సంస్థ వాదనను సమర్థించింది.

చివరగా 2023 మే 19న కె.సి. నినాన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చాలా అప్పీళ్లను కలిపి విచారించి దారి ఖరారు చేసింది. సెక్షన్ 43 కింద సరఫరా ఇవ్వాల్సిన బాధ్యత షరతులు లేనిది కాదనీ, పాత యజమాని బకాయిలను కొత్త యజమాని నుంచి రాబట్టుకునేలా నిబంధనలు చేసే అధికారం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్లకు ఉందనీ తేల్చింది. ఏళ్ల తరబడి వ్యాజ్యంలో నలిగిన కొనుగోలుదారులకు, వారు సరఫరా కోసం దరఖాస్తు చేసిన తేదీ నుంచి పెరిగిన వడ్డీని మాత్రం తన ప్రత్యేకాధికారంతో మాఫీ చేసింది. ఇల్లు కొనేవారు ఈ తీర్పుల సారం తెలుసుకోవడం అత్యవసరం. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం అమ్మకం తేదీ వరకు ఆస్తి మీది పన్నుల వంటి ప్రజా చెల్లింపులన్నీ అమ్మేవారే కట్టాలి. కానీ ఆ హామీ అమ్మేవారికీ కొనేవారికీ మధ్య పనిచేస్తుందే తప్ప, కరెంటు ఆఫీసు కౌంటరు దగ్గర కాదు.

అద్దెదారు ఈ వరసలో ఎక్కడ

పై తీర్పులన్నీ యజమానులు మారిన సందర్భాలవి. అద్దెదారు మారినప్పుడు కథ కొంత వేరు, నిజానికి ఇంకా సరళం. సర్వీసు యజమాని పేరునే ఉంటుంది కాబట్టి సంస్థ దృష్టిలో వినియోగదారుడు మారనే లేదు. బకాయికి సంస్థకు జవాబు చెప్పాల్సింది యజమాని. యజమానికి జవాబు చెప్పాల్సింది ఖాళీ చేసిపోయిన అద్దెదారు, అదీ వారి మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం. ఈ రెండు లంకెల్లో ఎక్కడా కొత్త అద్దెదారు లేడు. తీగ కోసినప్పుడు చీకట్లో కూర్చునేది మాత్రం అతడే. బాధ్యత ఒకరిదీ బాధ మరొకరిదీ కావడం ఈ ఏర్పాటులో ఉన్న అసలు లోపం.

యజమాని చేతిలో అడ్వాన్సు ఉంది. ఖాళీ చేసే రోజు బిల్లు చూసి అందులోంచి మినహాయించుకునే అవకాశం ఉన్నది ఒక్క యజమానికే. ఆ పని చేయకుండా అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి, లేదా రంగుల ఖర్చుకు పట్టుకుని, బకాయి సంగతి “మీరూ పాతవాళ్లూ మాట్లాడుకోండి” అని కొత్తవారికి వదిలేయడం న్యాయంగా గానీ చట్టపరంగా గానీ నిలిచే మాట కాదు.

అలాంటప్పుడు అద్దెదారుకు చట్టం ఒక గట్టి ఆసరా ఇచ్చింది, దాని గురించి తెలిసినవారు తక్కువ. ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 108లోని ఒక క్లాజు ప్రకారం, యజమాని కట్టాల్సిన సొమ్మును ఆయన కట్టకపోవడం వల్ల అది అద్దెదారు నుంచి గానీ, ఆ ఆస్తి నుంచి గానీ వసూలయ్యే పరిస్థితి వస్తే, అద్దెదారు తానే కట్టి ఆ మొత్తాన్ని వడ్డీతో సహా అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. ఒప్పందంలో దీనికి విరుద్ధంగా రాసుకుంటే తప్ప ఇది వర్తిస్తుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 69 ఇదే న్యాయాన్ని ఇంకా విస్తృతంగా చెప్పింది. వేరొకరు చట్టప్రకారం కట్టాల్సిన సొమ్మును, తన ప్రయోజనం కాపాడుకోవడం కోసం కట్టినవారికి దాన్ని తిరిగి రాబట్టుకునే హక్కు ఉంది. ఆ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ బెంగాల్‌లో కౌలుకు తీసుకున్న భూమి గురించి. జమీందారు శిస్తు కట్టకపోతే ప్రభుత్వం భూమిని వేలం వేస్తుందని కౌలుదారు ఆ శిస్తు తానే కట్టాడు. ఆ సొమ్ము జమీందారు తిరిగి ఇవ్వాల్సిందే. శిస్తు స్థానంలో కరెంటు బిల్లు పెట్టి, కౌలు స్థానంలో ఫ్లాటు పెడితే న్యాయం మారదు. కరెంటు బకాయి ఆస్తి మీద భారం కాదు కదా అన్న వాదన యజమాని వైపు నుంచి రావచ్చు. అలాంటి చోట సెక్షన్ 108 కంటే సెక్షన్ 69 మీద ఆధారపడటమే భద్రం. అంతకంటే భద్రం, కట్టే ముందే వాట్సాప్‌లోనైనా యజమాని నుంచి “కట్టండి, అద్దెలో తగ్గించుకోండి” అన్న మాట రాతపూర్వకంగా తీసుకోవడం.

యజమాని సహకరించకపోతే అద్దెదారే సొంతంగా కనెక్షన్ అడగవచ్చా? 2022 మే నెలలో దిలీప్, సతీష్‌ల కేసులో సుప్రీంకోర్టు దీనికి సగం జవాబు ఇచ్చింది. కరెంటు కనీస సౌకర్యమనీ, యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించకూడదనీ, దరఖాస్తుదారు ఆ ఇంట్లో ఉంటున్నారా లేదా అన్నదే సంస్థ చూడాలనీ చెప్పింది. మిగతా సగం నినాన్ తీర్పులో ఉంది. అదే ఆవరణ మీద బకాయి నిలిచి ఉంటే నిబంధనలు అడ్డు తగలవచ్చు. అంటే యజమాని మొండితనాన్ని దాటడానికి చట్టం దారి చూపింది గానీ, బకాయిని దాటడానికి కాదు.

చీటీలో ఏ వరస ఎవరి ఖాతా

బిల్లు చీటీని పైనుంచి కిందికి చదివితే, అందులోని ప్రతి వరసా ఒకే కాలానికి చెందదని తెలుస్తుంది. ఈ నెల వాడకం, స్థిర ఛార్జీ, విద్యుత్ సుంకం కలిపి ప్రస్తుత బిల్లు. దానికి కింద పాత బకాయి వేరే వరసలో ఉంటుంది. దాన్ని తేలిగ్గానే పోల్చుకోవచ్చు. అసలు చిక్కంతా మిగతా వరసల్లో ఉంది.

మొదటిది ఏసీడీ, అంటే అదనపు వినియోగ డిపాజిట్. గడిచిన ఏడాది వాడకం పెరిగితే దానికి తగ్గట్టు డిపాజిట్ పెంచమని సంస్థ అడుగుతుంది. ఇది బకాయి కాదు, ఖర్చూ కాదు. సర్వీసు ఎవరి పేరున ఉందో వారి ఖాతాలో జమ అయి, ఏటా వడ్డీ తెచ్చే సొమ్ము. అద్దెదారు దీన్ని కడితే అతని డబ్బు యజమాని ఆస్తిగా మారుతుంది. ఏసీడీ యజమానే భరించాలి, అద్దెదారు కడితే అద్దెలో తగ్గించాలి అన్నది తిరుగులేని న్యాయం. అయినా ఒప్పందాల్లో “కరెంటు బిల్లు అద్దెదారుదే” అని ఒక్క ముక్కలో రాసేయడంతో ఇది కూడా వారి మీదే పడుతోంది.

రెండోది ట్రూ-అప్, ఇంధన సర్దుబాటు ఛార్జీలు. పంపిణీ సంస్థ అనుమతించిన ధర కంటే ఎక్కువ పెట్టి కరెంటు కొంటే ఆ తేడాను తరువాత వసూలు చేసుకోవడానికి నియంత్రణ కమిషన్ అనుమతిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 సెప్టెంబరు బిల్లుల్లో 2014-19 మధ్య కాలపు ట్రూ-అప్ కనిపించి పెద్ద దుమారం రేగింది. తరువాత 2022-23 సంవత్సరానికి సంబంధించి రూ.6,072.86 కోట్ల సర్దుబాటు భారాన్ని 2024 డిసెంబరు నుంచి నెలనెలా వసూలు చేయడానికి అనుమతి వచ్చింది. ఇలాంటి ఛార్జీని ఆ పాత నెలలో ఆ సర్వీసు మీద వాడిన యూనిట్లను బట్టి లెక్కించినప్పుడు, రెండేళ్ల కిందట ఏసీలు వేసుకున్న కుటుంబం ఎక్కడికో వెళ్లిపోయి, ఒక్క ఫ్యానుతో గడిపే కొత్త అద్దెదారు ఆ యూనిట్ల తేడా కట్టాల్సి వస్తుంది. ఇది ఎవరో ఎగవేసిన బకాయి కాదు. పాతవారు తమ బిల్లులన్నీ సక్రమంగా కట్టే వెళ్లారు. అయినా వారి వాడకం నీడ సర్వీసు నంబరును పట్టుకుని ఉండిపోయింది. యజమానీ అద్దెదారూ ముందుగా మాట్లాడుకోకపోతే దీనికి పరిష్కారం లేదు.

మూడోది శ్లాబు, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిటు ధర మారే మెట్టు. నెల మధ్యలో ఇల్లు మారితే ఇద్దరి వాడకం ఒకే బిల్లులో కలిసిపోతుంది. తెలంగాణలో 2022-23లో సవరించిన గృహ వినియోగ ధరల ప్రకారం నెలకు 200 యూనిట్లు వాడితే, మొదటి 100కు యూనిటుకు రూ.3.40, తరువాతి 100కు రూ.4.80 చొప్పున శక్తి ఛార్జీ రూ.820 అవుతుంది. అదే 210 యూనిట్లయితే లెక్క మొదటి నుంచీ మారిపోతుంది. మొదటి 200కు రూ.5.10 చొప్పున రూ.1,020, మిగిలిన పదికి రూ.7.70 చొప్పున రూ.77, వెరసి రూ.1,097. పది యూనిట్లకు రూ.277 తేడా. పాతవారు 150 వాడి వెళ్లి, కొత్తవారు మిగిలిన రోజుల్లో 60 వాడితే ఆ చివరి పది యూనిట్లు ఎవరివి? యూనిట్ల నిష్పత్తిలో పంచుకోవడం అన్నిటికంటే సబబుగా ఉంటుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు అందుకుంటున్న ఇంట్లో ఈ సమస్య ఇంకా పదునుగా ఉంటుంది. అక్కడ 200 దాటితే రాయితీ పోయి మొత్తం బిల్లు కట్టాలి. కొత్తవారు చేసిన తప్పేమీ లేకుండానే మొదటి నెల సున్నా బిల్లు వెయ్యి దాటిపోవచ్చు.

రెండేళ్ల గడువు గురించి

రెండేళ్లు దాటిన కరెంటు బకాయి చెల్లదు అన్న మాట తరచుగా వినిపిస్తుంది. విద్యుత్ చట్టం సెక్షన్ 56(2) చెప్పేది అంత సూటిగా లేదు. చెల్లించాల్సిన తేదీ నుంచి రెండేళ్లు గడిచాక ఆ సొమ్ము వసూలు కుదరదన్నది నిజమే. కానీ బిల్లుల్లో దాన్ని బకాయిగా ఎడతెగకుండా చూపిస్తూ వస్తే ఆ అడ్డు ఉండదు. చీటీలో నెలనెలా కనిపించే పాత బకాయి వరసకు ఉన్న విలువ అదే. పొరపాటున తక్కువ వేసిన బిల్లును సవరించి రెండేళ్ల తరువాత అడిగినప్పుడు, అడగవచ్చు గానీ దానికోసం కరెంటు తీయకూడదని 2020లో రహమతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. గడువు దాటినా సివిల్ దావా దారి తెరిచే ఉంటుందని నినాన్ తీర్పు తేల్చింది.

సరఫరా తీసే ముందు పదిహేను పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలన్నది సెక్షన్ 56(1). బకాయి మీద వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు లెక్కన వచ్చే మొత్తం గానీ, వాటిలో ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ జమ చేస్తే వివాదం తేలేదాకా కరెంటు తీయకూడదు. ఫిర్యాదుకు ప్రతి పంపిణీ సంస్థలోనూ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

నీళ్లు, మెయింటెనెన్స్

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో నీటి బిల్లు సాధారణంగా భవనం మొత్తానికి ఒకే క్యాన్ నంబరు, అంటే నీటి కనెక్షన్ ఖాతా నంబరు, మీద వస్తుంది. నగర నీటి సరఫరా సంస్థ జలమండలికి ఏ ఫ్లాటువారు ఎగవేశారో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అది అసోసియేషన్ లెక్క. కాబట్టి నీటి బకాయి కొత్త అద్దెదారుకు మెయింటెనెన్స్ బకాయి రూపంలో ఎదురవుతుంది. అసోసియేషన్ సభ్యుడు యజమానే, బాధ్యత కూడా యజమానిదే. ఆస్తిపన్ను విషయంలో సందేహమే లేదు, అది యజమానిది.

నెల మధ్యలో, ఒకరి అద్దెలోకి మరొకరు

యజమాని ప్రమేయం లేకుండా అద్దె చేతులు మారే చోట చిక్కులు రెట్టింపవుతాయి. మాదాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో నలుగురు ఉద్యోగులు కలిసి ఉంటున్న ఫ్లాటులో ఒకరు బెంగళూరుకు మారి, తన స్థానంలో తెలిసినవారిని దింపి వెళ్తారు. ఒప్పందం మీద సంతకం వెళ్లిపోయినవారిదే. అడ్వాన్సును కొత్తగా వచ్చినవారు పాతవారి చేతికి ఇచ్చేస్తారు. కరెంటు బిల్లు వాటా లెక్క వాట్సాప్ గ్రూపులో ఎక్కడో ఉంటుంది. ఇలాంటి బదిలీలో అడ్వాన్సు ఇచ్చే ముందే బకాయి వాటా మినహాయించుకోవడం ఒక్కటే ఆచరణలో పనికొచ్చే రక్షణ. యజమాని రాతపూర్వక ఒప్పుకోలు లేకపోతే రేపు అడ్వాన్సు అడిగే హక్కు కూడా ప్రశ్నార్థకమవుతుంది.

అమెరికాలో తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉండే డాలస్ పరిసరాల్లో లీజు మధ్యలో తీసుకోవడం మామూలే. అక్కడి ఏర్పాటుతో పోలిస్తే ఇక్కడి లోపం స్పష్టంగా కనిపిస్తుంది. టెక్సాస్‌లో 2002లో చిల్లర విద్యుత్ విపణిని పోటీకి తెరిచిన ప్రాంతాల్లో తీగలు ఒక సంస్థవి, బిల్లు వేసేది వేరొక సంస్థ, ఖాతా ఉన్నది అద్దెదారు పేరున. ఒకరు ఖాళీ చేస్తే వారి ఖాతా ముగుస్తుంది, కొత్తవారు తమ పేరున కొత్త ఖాతా తెరుస్తారు. పాత బాకీ పాతవారి వెంటే పోతుంది. అక్కడా మీటరుకు ముడి పడే సందర్భం ఒకటుంది. పాత ఖాతాదారు వాయిదాల మీద బకాయి కడుతున్నా, మీటరును తారుమారు చేసినా దాని మీద ‘స్విచ్ హోల్డ్’ పెడతారు. కానీ కొత్తగా దిగినవారు లీజు ప్రతితో పాటు, తాము పాతవారికి సంబంధించినవారం కామని సంతకం చేసిన పత్రం ఇస్తే ఆ అడ్డు తొలగిస్తారు. ఎగవేతను అడ్డుకోవాలన్న సంస్థ అవసరం తీరుతుంది, అమాయకుడు చీకట్లో ఉండాల్సిన పనీ ఉండదు. తెలుగు రాష్ట్రాల సరఫరా నిబంధనల్లోకి ఇలాంటి ఒక్క పత్రం వచ్చినా సగం వివాదాలు కౌంటరు దగ్గరే ముగిసిపోతాయి. అయితే అక్కడ కూడా నీరు, చెత్త ఛార్జీలను చాలా అపార్ట్‌మెంట్లు లీజు ఖాతాకే వేస్తాయి. లీజును పూర్తిగా తన పేరుకు మార్చుకునేవారు ఆ ఖాతాలో నిలిచిన మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే సంతకం చేయాలి.

గీత గీసేది రీడింగు

ఇక్కడ కూడా అలాంటి గీత గీయడానికి ఒక నిబంధన ఉంది, వాడేవారే అరుదు. కేంద్రం 2020 డిసెంబరు 31న ప్రకటించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, ఇంట్లో ఉండేవారు మారినప్పుడు లేదా ఇల్లు ఖాళీ అయినప్పుడు ప్రత్యేక మీటరు రీడింగు తీయించి, బకాయి లేదన్న ధ్రువపత్రం తీసుకునే బాధ్యత వినియోగదారుడిది. దరఖాస్తు రాతపూర్వకంగా గానీ, సంస్థ వెబ్‌సైటులో గానీ, యాప్‌లో గానీ ముందుగా పెట్టుకోవాలి. సంస్థ రీడింగు తీసి, అప్పటిదాకా ఉన్న బకాయిలన్నీ కలిపి తుది బిల్లు ఇవ్వాలి. ఆ తుది బిల్లు ఇచ్చాక, అంతకు ముందు కాలానికి సంబంధించి అందులో లేని ఏ ఛార్జీనీ వసూలు చేసే హక్కు సంస్థకు ఉండదు. ఈ చివరి వాక్యానికీ, రెండేళ్ల తరువాత వచ్చే ట్రూ-అప్‌కూ పొసగడం కష్టం. ఆ వైరుధ్యాన్ని నియంత్రణ కమిషన్లే తేల్చాలి.

ధ్రువపత్రం దాకా వెళ్లే ఓపిక లేనివారు కూడా తాళాలు అందుకునే రోజున సెల్లారులోకి ఒకసారి దిగాలి. మీటరు తెర మీద అంకెలు, సర్వీసు నంబరు, తేదీ కనిపించేలా ఫోటో తీసి యజమానికీ, ఖాళీ చేసినవారికీ పంపాలి. అదే నంబరుతో సంస్థ యాప్‌లో బకాయి ఎంతో చూడటానికి ఒక నిమిషం చాలు. ఒప్పందంలో “కరెంటు బిల్లు అద్దెదారుది” అన్న చోట “ఫలానా తేదీన మీటరు రీడింగు ఇంత, ఆ తరువాతి వాడకానికి మాత్రమే అద్దెదారు బాధ్యుడు, అంతకు ముందు బకాయి, ఏసీడీ, గత కాలపు సర్దుబాటు ఛార్జీలు యజమానివి” అని రాస్తే రెండు లైన్లు పెరుగుతాయి. సంతకాలు అయ్యాక అదే కాగితం జిరాక్సు ఒకటి మీటరు పెట్టెలో బిల్లు చీటీ పక్కన దోపి ఉంచితే, తరువాత వచ్చే అద్దెదారుకు కూడా పనికొస్తుంది.